ముందు వరుసలో అమాయకురాలు

నా ఎడమ కనుబొమ్మ మీద మా గువ్వకు ఉన్న కోపం ఈనాటిది కాదు. కన్యాస్త్రీలు నడిపే ఆడపిల్లల బడిలో మేమిద్దరం ఒకే బెంచీ మీద పెరిగాం. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన చదివేది గువ్వ. మైకుకు ఎదురుగా మొదటి వరుసలో నేను. ప్రార్థన సగానికి వచ్చేసరికి నా కనుబొమ్మ దానంతటదే లేచేది. ఇంకేముంది, గువ్వ పగలబడి నవ్వేది. ఎవరు నవ్వించారని హెడ్ సిస్టర్ అడిగితే నేను నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు నిలబడేదాన్ని. ఆవిడ నాకు అమాయకురాలని పేరు పెట్టి, మర్నాడు మళ్ళీ గువ్వ చేతే చదివించేది. మేం బడి వదిలేదాకా ఏ ప్రార్థనా ఆమెన్ వరకు చేరలేదు.

అలాంటి గువ్వ ఇప్పుడు టీవీలో వార్తలు చదువుతుంది. వరదలొచ్చినా, ప్రభుత్వాలు కూలినా ఆ ముఖంలో ఒక్క గీత కదలదు. పేరు తెచ్చుకున్న పాత విద్యార్థినులను సన్మానిస్తామంటూ బడివాళ్ళు ఒక సర్జన్‌నూ, ఒక జడ్జినీ, దీన్నీ వేదిక మీదికి పిలిచారు. నన్ను కింద కూర్చుని చప్పట్లు కొట్టడానికి పిలిచారు. నాది డ్రైవింగ్ స్కూలు. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన కూర్చుని ముఖం చెదరకుండా ఉండటం కూడా ఘనకార్యమే, కానీ దానికి పతకాలిచ్చే ఆచారం లేదు.

సభకు వారం ముందు గువ్వ ఫోన్ చేసింది.

"నువ్వు రావద్దే. సభ మర్నాడే సిస్టర్ ఎక్కడో దూరంగా ముసలి సిస్టర్లుండే ఆశ్రమానికి వెళ్ళిపోతున్నారు. ఆవిడ ముందు ఒక్కసారైనా నవ్వకుండా చివరిదాకా మాట్లాడాలి. నేను బాగుపడ్డానని చూసి వెళ్ళాలి. నీకు దండం పెడతాను."

నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు ముఖం గంటు పెట్టుకు తిరిగాను. తప్పు కనుబొమ్మది కాబట్టి దాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళమని మా ఆయన సలహా ఇచ్చారు. చివరికి వెనకాల స్తంభం చాటున కూర్చునేలా గువ్వకూ నాకూ రాజీ కుదిరింది.

హాలు ఏమీ మారలేదు. అదే నేలపాలిష్ వాసన, గోడ మీద అదే నీలిరంగు మేరీమాత, అదే కుంటి పియానో. నేను పిల్లిలా వెళ్ళి స్తంభం వెనక చేరాను. సర్జన్‌కు పతకం వేశారు, జడ్జికి వేశారు. గువ్వ మైకు దగ్గరకు రాబోతుంటే సిస్టర్ లేచింది. బాగా వంగిపోయింది కానీ గొంతు మాత్రం అలాగే ఉంది.

"స్తంభం వెనక దాక్కున్న అమాయకురాలు ముందుకు రావాలి."

హాలంతా తల తిప్పింది. అల్లరి పిల్ల కళ్ళెదుట ఉంటేనే భద్రమని ఆవిడ అనుకుని ఉంటుందని అందరూ నవ్వుకున్నారు. నేను వెళ్ళి మైకుకు సరిగ్గా ఎదురుగా, ముందు వరుసలో కూర్చున్నాను. నన్ను చూడగానే గువ్వ ముఖం రంగు మారిపోయింది.

దేవుడి మీద ఒట్టు, నేను చాలా ప్రయత్నించాను. ఫ్యాను వైపు చూశాను. చెప్పుల వైపు చూశాను. నాలుక కొరుక్కున్నాను. గువ్వ గంభీరంగా మొదలుపెట్టింది. సిస్టర్ తనకు క్రమశిక్షణ నేర్పారని అంది. క్రమశిక్షణ అన్న మాట చెవిన పడగానే నా కనుబొమ్మ లేచి కూర్చుంది.

మైకులో ముందు ఒక చిన్న గురక లాంటిది వినిపించింది. గువ్వ నోరు మూసుకుంది, నీళ్ళు తాగింది, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. సరిగ్గా అదే మాట దగ్గర నవ్వాపుకోలేక కుప్పకూలింది. దాన్ని చూసి సర్జన్ భుజాలు ఎగరడం మొదలయింది. జడ్జిగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఇక హాలంతా పొట్టలు పట్టుకుంది. అంత నవ్వులోనూ గువ్వ కళ్ళలో దిగులు కనిపించింది. ఉన్న ఒక్క అవకాశాన్నీ నేనే పాడు చేశాను.

"క్షమించండి సిస్టర్," అంది గువ్వ కళ్ళు తుడుచుకుంటూ. "నేనింకా బాగుపడలేదు."

సిస్టర్ కర్ర ఊతంగా పట్టుకుని మైకు దగ్గరకు వచ్చింది.

"బాగుపడతావేమోనన్న భయంతోనే దాన్ని ముందు కూర్చోబెట్టాను. అప్పుడు అసెంబ్లీలోనూ నేనే నిలబెట్టాను. పొద్దున్నే అన్ని గంభీరమైన ముఖాల మధ్య నాకు దొరికే నవ్వు అదొక్కటే. రోజూ రాత్రి నీ వార్తలు చూస్తాను తల్లీ. ఒక్కసారీ నవ్వవు. ఏమైందో పిల్లకి అని బెంగగా ఉండేది. వెళ్ళేముందు ఇంకోసారి విని వెళ్దామనుకున్నాను."

ఆవిడ నన్ను చెయ్యి ఊపి పైకి పిలిచింది. మెట్లెక్కి పక్కన నిలబడ్డాను. చల్లని చేత్తో నా గడ్డం పట్టుకుంది.

"ఏదీ, నాకోసం ఒక్కసారి లేపు."

లేపుదామనుకున్నాను. ఎంత లాగినా కనుబొమ్మ కదల్లేదు. అడక్కుండానే లేచి గువ్వ పరువు తీసిన ఆ కనుబొమ్మ, ఆవిడ నోరు తెరిచి అడిగిన రోజున మొరాయించింది. కళ్ళ నిండా నీళ్ళతో అలాగే నిలబడ్డాను.

అప్పుడు సిస్టర్ భుజం మీదుగా గువ్వ నా వైపు చూసింది. వార్తలు చదివే ముఖం పెట్టి, తన కనుబొమ్మ లేపబోయింది. చేతకాక రెండూ లేచాయి, చెవులు కూడా కదిలాయి.

ఈసారి మైకులో పగలబడి నవ్వింది నేను.