దుప్పట్ల మీద వేసిన నింద

ఇంట్లో అతణ్ణి అందరూ థర్మామీటర్ అంటారు. ఆ పేరు పెట్టింది అక్క. చిన్నప్పుడు ఏ వస్తువు కనబడినా దాని మీద అరచెయ్యి ఆనించి, కాలుతోందనో చల్లగా ఉందనో తీర్పు చెప్పేవాడట. పెద్దయ్యాక ఆ పిచ్చే బతుకుతెరువైంది. కంప్యూటరు మదర్‌బోర్డు మీద గోరంత చిప్ ఒకటుంటుంది. ఏ మూల ఎంత వేడిగా ఉంది, వోల్టేజీ ఎంతొస్తోంది, ఏ ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోంది, అన్నీ దానికి తెలుసు. తెలిసింది పైకి చెప్పడమే దానికి చేతకాదు. దాన్ని పలకరించి, అదిచ్చే అంకెల్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అర్థమయ్యేలా అప్పజెప్పే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. థర్మామీటర్ ఆఫీసులో రాసేవి అవే. డ్రైవర్ల పని అని చెబితే ఇంటి ఓనరు "ఏ బండి బాబూ?" అని అడిగాడని అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

పనిలో దిట్టే, కాదనలేం. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అత్తయ్యకు, అంటే అక్క అత్తగారికి, బావ వాళ్లమ్మకు, గొంతులో గడ్డ ఉందని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. ఆవిడేమో నిద్రలో కూడా మాట్లాడే మనిషి. తప్పు నంబరుకు ఫోనొస్తే, పెట్టేసేలోపు అవతలివాడి పిల్లల చదువులు కూడా కనుక్కునేది.

"సరే, పోయేది ఎలాగూ పోతుంది. ఈలోపు ఉన్నదంతా మాట్లాడేస్తాను, పట్టుకోండి" అంది.

బావ వెనకగదిలో మైకు పెట్టాడు. ఆపరేషన్ దాకా ఆవిడ రోజూ దాని ముందు కూర్చుంది. మనవలకు కథలు చెప్పింది. కోడలికి ముందుజాగ్రత్తగా కొన్ని చీవాట్లు పెట్టింది. పోయిన మొగుడితో తెగని తగాదాలు తెగేదాకా లాగింది. బావ పేరునైతే పది రకాలుగా పిలిచి పెట్టింది. కోపమొచ్చినప్పుడు ఎలా పిలుస్తుందో, భోజనానికి ఎలా పిలుస్తుందో, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఎలా పిలుస్తుందో, అన్నీ. ఆ పిలుపులు రికార్డు చేసిన రోజు బావ గదిలోంచి బయటికొచ్చి, కుళాయి విప్పి, చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

ఆ పనికి కంప్యూటరు బిగించి ఇచ్చింది థర్మామీటరే. ఫ్యాను చప్పుడు మైకులో పడుతోందని బావ అంటే, అదెంత పని అన్నాడు. డిస్కులుండే అర దగ్గరి ఫ్యాను మామూలుగా ఆగిపోయి ఉండేలా, అర వేడెక్కితేనే తిరిగేలా తన డ్రైవర్లో ఏర్పాటు చేశాడు. ఒకదానికి ఒకటి నకలుగా రెండు డిస్కులు పెట్టాడు. అర వేడి ఎంతుందో తెర మూలన ఎప్పుడూ కనబడేలా చేశాడు. అయినా సన్నటి గుంయిమనే శబ్దం మిగిలిందని బావ ఆ పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పాడు. థర్మామీటర్ వచ్చి ఆ ముసుగు చూశాడు. "వేడెక్కితే తెర మీద తెలుస్తుందిలే బావా" అన్నాడు. ఈ మాట అన్నట్టు తరవాత అతనికి గుర్తుండి కూడా గుర్తులేనట్టు ఊరుకున్నాడు. అది ముందు ముందు చెబుతాను.

అక్కకు మాత్రం ఒక అనుమానం వచ్చింది.

"ఎప్పుడు చూసినా ముప్పై ఎనిమిదే చూపిస్తుందేంట్రా ఇది? మధ్యాహ్నమూ అంతే, తెల్లారీ అంతే."

"దాన్నే పనితనం అంటారక్కా. నువ్వు పొయ్యి మీద పెట్టినదా, క్షణానికోలా మారడానికి?"

"పోనీ ఇంకో కాపీ ఎక్కడైనా దాచమంటావా?"

"నేను కట్టిన మెషీను మీద నమ్మకం లేకపోతే దాచుకో."

తమ్ముడు ముఖం మాడ్చుకుంటే అక్క తట్టుకోలేదు. దాచలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అత్తయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ బావ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ రికార్డింగుల్ని కథకొక ఫైలుగా విడదీస్తూ కూర్చున్నాడు. మెషీన్ని ఆపిందే లేదు. ఆవిడ ఇంటికొచ్చిన రోజున, అందరూ కలిసి ఆవిడ గొంతు ఆవిడకే వినిపిద్దామని వెనకగదిలో చేరారు. కీబోర్డు మీద మీట నొక్కితే తెర వెలిగింది గానీ డిస్కులు తెరుచుకోలేదు. ఒకటి కాదు, రెండూ. ఒకే అరలో పక్కపక్కన కూర్చున్నవి ఒకే వేడికి పోయాయి. పాడైన డిస్కుల్లోంచి సమాచారం తీసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తే, లోపలి పలకలు కూడా గీసుకుపోయాయి, ఏమీ మిగల్లేదని తిప్పి పంపారు.

ఆ కబురు తెలిసిన పూట అందరూ థర్మామీటర్ ముఖం వైపు చూశారు. అతని నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. దాన్ని మింగే దారి వెతుక్కుంటూ అనేశాడు.

"అన్ని దుప్పట్లు చుడితే ఏ మెషీనైనా ఉడికిపోతుంది బావా."

బావ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

సంగతేమిటో చూద్దామని థర్మామీటర్ ఆ పెట్టెను తన గదికి తెచ్చుకుని మూత తీశాడు. డిస్కుల అరలో వేడి కొలిచే సన్నటి వైరు ఒకటుంటుంది. దాని చివర మదర్‌బోర్డు మీది రెండు పిన్నులకు తగిలించాలి. ఆ పిన్నులు బోసిగా ఉన్నాయి. వైరు మడత కూడా విప్పకుండా, రబ్బరు బ్యాండుతో సహా, అర వెనకాల పడి ఉంది. అతను దాన్ని ఎన్నడూ తగిలించలేదు.

మరి ముప్పై ఎనిమిది ఎక్కడిది? అది గుర్తుకు రాగానే అతనికి తల కొట్టేసినట్టయింది. మొదటిరోజు ఆ అర వేడి మంచుగడ్డలకంటే కిందికి, సున్నాకు ఎంతో దిగువన కనబడింది. తెలిసినవాడెవడైనా వైరు ఊడిందేమోనని మూత తీస్తాడు. ఇతనికి మరీ ఎక్కువ తెలుసు. ఈ కంపెనీ బోర్డుల్లో లెక్క తేడాగా వస్తుందని అతనికి అనుభవం. అందుకని కుర్చీలోంచి లేవకుండానే, తేడా ఎంతో చూసి, డ్రైవర్లో అంత కలిపేశాడు. అంకె అందంగా కుదిరింది. ఏమీ తగిలించని చోటు చూపించే పిచ్చి అంకెకు చక్కగా తలదువ్వి కూర్చోబెట్టాడు. అది వేడి కానేకాదు కనుక ఇక కదల్లేదు. ఫ్యానుకు తిరగాల్సిన అవసరమే రాలేదు. దుప్పట్లున్నా లేకున్నా ఆ డిస్కులు అంతే అయ్యుండేవి.

అతను మూత మళ్లీ బిగించేశాడు. ఎవరికీ చెప్పలేదు.

రేపు చెబుదాం అనుకున్నాడు. రేపటికి నోరు రాలేదు. చెప్పి మాత్రం ఏం లాభం, పోయిన గొంతు తిరిగొస్తుందా అని తనకు తానే వకీలు పెట్టుకున్నాడు. అడిగితే చెబుదామనుకున్నాడు. అడిగే దిక్కెవరు? తప్పు ఎవరిదో ముందే తేల్చేసి వచ్చాడు కదా.

ఆదివారాలు అక్క ఇంట్లో భోజనం ఎప్పుడూ ఉండేదే. మానేస్తే అనుమానం వస్తుందని వెళ్లేవాడు. అత్తయ్య మెడకు గుడ్డ చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. చెయ్యి వణుకు వల్ల రాసి చూపించలేకపోయేది. పెదాలు కదిలిస్తే అర్థమయ్యేది బావకొక్కడికే. అదైనా ఊరికే రాలేదు. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విడిచి నేరుగా ఆవిడ కాళ్ల దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, పొద్దుపోయేదాకా ఆ పెదాలనే చూస్తాడట. చూస్తూ చూస్తూ మధ్యలో, "నేనే పోగొట్టానమ్మా" అంటాడట. అక్క ఈ సంగతి వంటగదిలో చెబుతుంటే థర్మామీటర్ గ్లాసులో నీళ్ల వైపు చూస్తూ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత వెళ్లి భోజనానికి కూర్చున్నాడు, మారు కూడా వడ్డించుకున్నాడు. తన మీద తనకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆకలి మాత్రం సిగ్గు లేకుండా వేసింది.

అలా ఎన్నాళ్లు నడిచేదో. ఒక ఆదివారం బావ అతణ్ణి వెనకగదిలోకి పిలిచాడు. దుప్పట్లు అక్కడే మడతపెట్టి ఉన్నాయి.

"నీకు నా ముఖం చూపించలేకపోతున్నాన్రా" అన్నాడు బావ. "మా అమ్మ కోసం నువ్వు సెలవులు మానుకుని ఆ మెషీను కట్టావు. నేను మొద్దులా దుప్పట్లు చుట్టి పాడుచేశాను. అమ్మకు రోజూ చెప్పుకుంటున్నాను గానీ నీకు చెప్పలేదు. ఏమనుకోకు."

తిడితే థర్మామీటర్ పడేవాడు. కొడితే ఓర్చుకునేవాడు. క్షమించమంటాడని మాత్రం అనుకోలేదు.

"నువ్వు కాదు బావా" అన్నాడు. "దుప్పట్ల వల్ల కాదు. వైరు నేను తగిలించలేదు. తప్పు అంకె వస్తే, చూసుకోకుండా సరిచేసేశాను. మూత తీసిన రోజే తెలిసింది."

బావ అడిగినది వైరు గురించి కాదు, అంకె గురించీ కాదు.

"తెలిసి కూడా, నేనక్కడ అమ్మ ముందు తలొంచుకుని కూర్చుంటే, ఇక్కడ కూర్చుని అన్నం తిన్నావా?"

థర్మామీటర్ తలూపాడు.

బావ అతని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "అమ్మతో నువ్వే చెప్పు" అన్నాడు. అతను చెప్పాడు. అక్క వంటగది గుమ్మంలో నిలబడి విన్నది. అత్తయ్య మొత్తం విని, ముందు కొడుకు తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. తర్వాత థర్మామీటర్ వైపు తిరిగి పెదాలు కదిపింది. చాలాసేపు కదిపింది. మధ్యలో ఒకసారి వేలు చూపించింది, ఒకసారి కళ్లు తుడుచుకుంది. తిట్టిందో, ఊరడించిందో, ఇంకేమన్నదో, ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"అత్తయ్య ఏమంటోంది బావా?"

బావకు ప్రతి మాటా అర్థమైందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా తన ముక్కాలిపీటను అత్తయ్య ముందు నుంచి తీసి థర్మామీటర్ వైపు తోశాడు.

"నేను చెప్పనురా" అన్నాడు. "రోజూ వచ్చి ఇక్కడ కూర్చో. నువ్వే నేర్చుకో."

థర్మామీటర్ పీట మీద కూర్చున్నాడు. అత్తయ్య అతని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, మొదటి నుంచి మళ్లీ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. అతనికి ఒక్క మాట కూడా అర్థం కాలేదు.