సగం దువ్విన తల

చిక్కటి జావ చెంచాతో తీసి అత్తగారి నోటికి ఎడమవైపు పెట్టింది కోడలు. కుడివైపు పెడితే చెంపలోనే ఉండిపోయి పొరబోతుంది. మింగాక వేలికి గుడ్డ చుట్టి ఆ చెంప లోపల తుడవాలి. వీపు ఒరుసుకుపోకుండా ఓ పక్కకి తిప్పాలి, కాసేపయ్యాక ఇంకో పక్కకి. ఆస్పత్రిలో నర్సు ఇవన్నీ చూపిస్తున్నప్పుడు భర్త, మామగారు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. "నువ్వు జాగ్రత్తగా విను," అన్నాడు భర్త. అంటే తను వినక్కర్లేదని.

పక్షవాతంతో అత్తగారికి కుడివైపంతా పడిపోయింది. మాటకి మాట అంటించే మనిషి. ఇప్పుడు నోట్లో మిగిలింది ఒక్కటే మాట, "లేదు." ఔననాలన్నా ఎడమచేత్తో కోడలి వేళ్ళు గట్టిగా నొక్కి "లేదు" అనే అంటుంది.

ఆ రోజు అత్తగారు లేవకముందే పనికెళ్ళిన కోడలు, సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణం నుంచి ఇల్లు చేరేసరికి ఆవిడ మూతి వంకరపోయి, పక్క తడిసిపోయి పడి ఉంది. అంబులెన్స్ పిలిచింది కోడలే. "బాగుండగా ఆఖరున ఎవరు చూశారు? వెంటనే తెచ్చుంటే మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందు ఇచ్చేవాళ్ళం కదా," అన్నాడు డాక్టరు. "నిద్రలోనే వచ్చినట్టుంది సార్, పొద్దున్న అసలు లేవలేదు," అన్నారు మామగారు. భర్త అందుకున్నాడు: "మా ఆవిడ ఉద్యోగానికి పోతుంది సార్, ఇంట్లో చూసుకునే దిక్కు లేదు." డాక్టరు కోడలి వంక అదోలా చూశాడు. ఆ చూపుతోనే ఆమె ఉద్యోగం పోయింది. మర్నాటి నుంచి మానేయమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

కానీ ఆ రోజు చూసిన అత్తగారి తల? ఒకవైపు జుట్టు చిక్కు తీసి నున్నగా దువ్వి ఉంది. రెండోవైపు దువ్వెన ఇరుక్కుని వేలాడుతోంది. నిద్రలో తల దువ్వుకునే వాళ్ళుంటారా? ఈ అనుమానం పంటిలో ఇరుక్కున్న నారలా కోడల్ని కుదురుగా ఉండనివ్వలేదు. మామగారిని గమనించడం మొదలుపెట్టింది. ఆయన ఆ గదిలో ఒంటరిగా కూర్చోడు. పెళ్ళాం "లేదు, లేదు" అంటే చాలు, టీవీ సౌండు పెంచుతాడు. కట్టుకున్న మనిషి గొంతంటే అంత భయం దేనికి? తనదే పాపిష్టి బుద్ధేమోనని కూడా అనుకుంది. చివరికి ఒకనాడు అత్తగారి చెవి దగ్గర వంగి, "ఆ పొద్దున్న మీరు లేచారు కదూ? మామయ్య చూశారు కదూ?" అంది. ఆవిడ కోడలి వేళ్ళు నలిగేలా నొక్కింది.

"తల దువ్వుకుంటుంటే వచ్చింది కదా మామయ్యా?" అని టీ కప్పు అందిస్తూ అడిగేసింది. ఆయన కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"నన్ను దొంగని నిలదీసినట్టు అడుగుతావేంటి? దువ్వెన జారిపోతోంది, మాట ముద్దగా వస్తోంది, చూశాను. చూసి ఊరుకున్నానా? వెంటనే వాడికి ఫోన్ చేశాను. వాడే, 'పనమ్మాయి రాలేదుగా నాన్నా, వంట తప్పించుకోడానికి అమ్మ నాటకం. పడుకోమను, అదే సర్దుకుంటుంది' అన్నాడు. నన్నేం చెయ్యమంటావ్?"

ఇన్నాళ్ళూ కోడలి అనుమానం మామగారొక్కరి చుట్టూనే తిరిగింది. డాక్టరు అడిగినప్పుడు పక్కనే నిలబడి, తెలిసీ నోరు కుట్టేసుకుని, నేరాన్ని చల్లగా ఆమె నెత్తిన పెట్టినవాడు పక్కలో పడుకుంటున్నాడు.

సాయంత్రం భర్త బూట్లు విప్పుతుంటే అడిగింది. అతను బుకాయించలేదు. అదే ఇంకా ఘోరంగా అనిపించింది.

"నాకేం తెలుసు ఇంతవుతుందని? ఆడవాళ్ళకి తల తిరగడం, నీరసం రోజూ ఉండేవేగా. ప్రతిదానికీ ఆస్పత్రికి పరిగెడతామా? నీ సంగతే చూడు, మొన్న నడుం నొప్పన్నావు, నిన్న చెయ్యి తిమ్మిరన్నావు..."

లోపలి గదిలోంచి "లేదు," అని వినిపించింది. కొడుకు తలెత్తలేదు.

కోడలు చెప్పులేసుకుని ఎదురు వాటా తలుపు తట్టింది. అక్కడ కుట్టుపని చేసుకునే అక్క, మెడలో టేపుతో బయటికొచ్చింది.

"రేపట్నుంచి దుకాణానికి వెళ్తున్నానక్కా. మా ఆయన సెలవు పెట్టి వాళ్ళమ్మని చూసుకుంటారు. ఆయనకింకా చెప్పలేదనుకో, ఇప్పుడెళ్ళి చెప్తాను. నీతో ఇంకో మాట. నా నోరు వంకరపోయినా, మాట తడబడినా, మా ఇంట్లో ఎవర్నీ అడక్కు. నువ్వే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి."