నొప్పి తగ్గిపోయిందన్నాడు

నేను ఒక దవడ పన్నును. కింది వరసలో ఎడమవైపు, ముందు నుంచి ఆరోదాన్ని. సూరిబాబు అనే మనిషి నోట్లో అతని ఆరో ఏట మొలిచాను. ఏ పన్నూ ఊడకుండానే వెనకాల చడీచప్పుడు లేకుండా వచ్చాను కదా, నన్నూ పాలపన్నే అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఊడిపోయేదాన్ని తోమడం దేనికని వదిలేశారు.

పెద్దయ్యాక సూరిబాబు పెద్దాపురంలో మిఠాయి మేస్త్రీ అయ్యాడు. బెల్లం పాకం ముదిరిందో లేదో చూడ్డానికి లోకమంతా ఒక చుక్కని నీళ్ళలో వేసి ఉండ చేసి వేళ్ళతో నొక్కి చూస్తుంది. ఇతను ఆ ఉండని నా మీద పెట్టి కొరుకుతాడు. టక్కుమంటే పాకం వచ్చినట్టు, అతుక్కుంటే ఇంకా కాగాలి. అతని వేరుశనగ చెక్కీకి ఊళ్ళో పేరొచ్చింది. నాకు పుచ్చొచ్చింది. అతుక్కున్న పాకం, దాని మీద వక్కపొడి, ఆ పైన ఆదివారం నాటి మాంసం పీచు. అన్నీ నా గుంటలో ఊరి, పులిసి, కుళ్ళాయి.

మొదట చల్లనీళ్ళకి జివ్వుమన్నాను. అప్పుడే వెళితే గుంట శుభ్రం చేసి సిమెంటు పెట్టి పంపేవారు. ఇతను కుండనీళ్ళు మానేశాడు. తర్వాత వేడి టీ తగిలితే అరగంటదాకా సలుపు. అంటే కుళ్ళు నా లోపలి నరాన్ని ముట్టుకుందన్నమాట. ఇతను లవంగం కుక్కాడు. మూడు వారాలు చెంప పట్టుకుని తిరిగాడు. ఒక మంగళవారం నొప్పి టక్కున ఆగిపోయింది.

"చూశావా భవానీ, లవంగం పనిచేసింది!" అని భార్యతో చెప్పి, గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టాడు. నరం చచ్చిపోయిందని, శవానికి నొప్పి ఉండదని ఎవరు చెప్పాలి?

తర్వాత చిగురు మీద చీముపొక్కు లేచింది. అది పగిలి ఉప్పగా కారేది. అతను గుటక వేసేవాడు. ఛీ!

"ఏవండీ, మీ నోట్లో ఎలకేవన్నా చచ్చిందేటండీ?" అంది భవాని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. చివరికి చెంప బూరెలా వాస్తే ఆవిడే పళ్ళ డాక్టర్ హిమజ దగ్గరికి లాక్కెళ్ళింది.

"నొప్పే లేదు కదండీ మేడమ్‌గారూ. వాపుకి రెండు బిళ్ళలిచ్చేయండి, పోతాను."

"బిళ్ళలకి వాపు దిగుతుంది బాబాయ్‌గారూ, చీము పుట్టే చోటు అలాగే ఉంటుంది. లోపల నరం చచ్చిపోయింది. ఎక్స్‌రేలో ఈ నలుపు చూడండి, వేరు కింద ఎముక కరుగుతోంది. పీకెయ్యనా, రూట్ కెనాల్ చెయ్యనా?"

సూరిబాబు ముఖం పాలిపోయింది. "ఈ పన్ను పోతే నాకు పాకం చూడ్డం రాదండీ. ఎలాగైనా ఉంచండి."

నా నెత్తిన చిల్లు పెట్టగానే వచ్చిన కంపుకి, మాస్కు ఉన్నా, డాక్టరమ్మ తల తిప్పుకుంది. వెంట్రుకంత సన్నని మూడు కాలువల్లోకి సూదుల్లాంటివి దింపి, కుళ్ళంతా గీకి, మళ్ళీ మళ్ళీ కడిగింది. మూడోసారి వెళ్ళినప్పుడు రబ్బరులాంటి పదార్థం నింపి మూసింది. నా జన్మలో మొదటిసారి శుభ్రంగా ఉన్నాను.

"పన్ను ఇప్పుడు పెళుసు బాబాయ్‌గారూ. సోమవారం కొలతకి రండి, పగలకుండా పైన తొడుగు వేస్తాను. అప్పటిదాకా ఈ వైపు గట్టివి కొరక్కండి."

"అలాగేనండీ."

సోమవారం వెళ్ళలేదు. "నొప్పి లేదుగా, తొడుగెందుకే?" అన్నాడు భవానితో. శుక్రవారం పెళ్ళివారి చెక్కీకి పాకం కాచాడు. ఉండ చేసి నా మీద పెట్టాడు. టక్కుమంది.

"పాకం వచ్చేసింది!" అన్నాడు.

రాలేదు. ఆ చప్పుడు నాది.

వేరుదాకా నిలువునా చీలాను. చీలిన పన్నుని అతికించలేనని డాక్టరమ్మ పీకేసింది. "పదండి, నీళ్ళలో వేసి వేళ్ళతో నొక్కి చూడ్డం నేను నేర్పుతాను," అంది భవాని. నోటినిండా దూదితో అతను తలూపాడు.

పిల్లల పాఠానికి పనికొస్తానని డాక్టరమ్మ పంపితే, ఇప్పుడు నేను దంతవైద్య కళాశాలలో ఒక సీసాలో ఉన్నాను. నాలాంటివి చాలానే ఉన్నాయి ఇక్కడ. మొన్న మేష్టారు నన్ను పైకెత్తి చూపించారు. "కాలువలు చక్కగా నింపారు. మరెందుకు పోయింది?"

"తొడుగు వేయించుకుని ఉండరు సార్," అంది ముందు బల్ల మీది అమ్మాయి.

ఎంత తెలివైన పిల్ల అని మురిసిపోయాను. ఆ పిల్ల కూర్చుని సంచిలోంచి తన నీళ్ళసీసా తీసి చల్లనీళ్ళు తాగింది, ఎడమ దవడకి తగలకుండా తల కుడివైపుకి వంచి.