వెన్నెల మగ్గం

ఎవరైనా నా చేతికొక పుస్తకమిచ్చి "చాలా బాగుంటుంది, చదువు నరసక్కా" అంటే నేను మొదట అడిగేది ఒక్కటే. చివర్న ఎవరైనా చచ్చిపోతారా అని. నవ్వుతారు. నవ్వనీ. చచ్చేవాళ్ళుంటే ఆ పుస్తకం నాకొద్దు.

ఇప్పుడంటే నేనే చదువుకుంటున్నాను గానీ, అప్పట్లో నాకు ఓనమాలు కూడా రావు. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా ఆయన జయరాముడు గుంట మగ్గంలో కూర్చుంటే నేను కండెలు చుట్టేదాన్ని, మగ్గం మీది నిలువు పోగులు, అదే పడుగు, అయిపోతే కొత్త పడుగు అతికేదాన్ని. మా వీధి ఆడవాళ్ళలో చదువు వచ్చింది ప్రమీలమ్మకు ఒక్కదానికే. హిందూపురం పిల్ల. మొగుడు రైల్వేలో గుమాస్తా. మా ముందు గదిలో బాడుగకు ఉండేవాళ్ళు.

నెలకోసారి పుట్టింటికి పోయినప్పుడల్లా ప్రమీలమ్మ అక్కడి అద్దె పుస్తకాల కొట్టు నుంచి సంచీడు పుస్తకాలు మోసుకొచ్చేది. అన్నీ మాంత్రికులు, ఎగిరే గుర్రాలు, సముద్రం అడుగున పట్నాలు, చుక్కల్లోకి దూసుకుపోయే ఇనుప ఓడలు. సంసారాల కథలు ముట్టుకునేది కాదు. "అత్తాకోడళ్ళ కథలు ఇంట్లోనే ఉండాయి గదక్కా, అద్దె కట్టి తెచ్చుకోవాల్నా?" అనేది. నేను పనిలో ఉంటే గడప మీద కూర్చుని, "ఇప్పుడిది చదువుతాండా, నువ్వు వినే తీరాల" అని మొదలుపెట్టేది. నేనూ ఊరికే వినేదాన్ని కాదు. ప్రాణం దాచుకునే మాంత్రికుడు పోయి పోయి చెట్టు తొర్రలోనే ఎందుకు దాచుకుంటాడు, వాడికి ఇంట్లో ఉప్పుజాడీ లేదా అని తగువు పెట్టుకునేదాన్ని. ప్రమీలమ్మ పడీపడీ నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను తగువు పెట్టుకునేదాన్నేమో కూడా.

ఒకరోజు, "ఎప్పుడూ నేనే చెప్తాండా. నువ్వూ ఒకటి చెప్పు" అంది.

నా దగ్గర ఒకటుంది. అది ఎలా పుట్టిందో చెప్పాలంటే మా బిడ్డ సంగతి చెప్పాలి. కుళ్ళాయమ్మ. గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే పుట్టింది, అందుకని ఆ పేరు. ఒక కాలి గొలుసు ఎక్కడో పారేసుకుని, రెండోది తీయనివ్వకుండా ఒంటి గొలుసుతోనే ఇల్లంతా గల్లుగల్లుమని తిరిగేది. ఏడో ఏట విషజ్వరం వచ్చి పోయింది. అంతకంటే ఎక్కువ చెప్పలేను.

అది పోయాక, పడుగు అతికేటప్పుడు నాకొక కథ రావడం మొదలైంది. చీర అయిపోయి కోసేటప్పుడు మేము మగ్గాన్ని బోడిగా వదలం. పాత పడుగు కొసలు జానెడు మేర మగ్గం మీదే ఉంచుతాం. వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే ఆ కొసలకు మెలిపెట్టి అతుకుతాం. అట్లా మా మామ కాలంలో వేసిన పడుగుకే ఇప్పటిదాకా అతుకుతూ వస్తున్నామని చెప్పుకోవచ్చు. కొసలు కూడా మిగల్చకుండా కోసేశారంటే ఆ ఇంట్లో నేత ఆగిపోయినట్టు. మా ఇళ్ళలో దానికంటే చెడ్డ మాట లేదు.

నా కథలో కుళ్ళాయి ఒక పోగు పట్టుకుని మగ్గం గుంటలోంచి పైకి పాకుతుంది. మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాక్షిలోంచి బయటపడి చందమామలోకి పోతుంది. అక్కడ ఒక అవ్వ మగ్గం వేసుకుని వెన్నెల నేస్తుంటుంది. పున్నమి దాకా నేస్తుంది, అమావాస్య దాకా విప్పుతుంది. అవ్వకు చూపు ఆనదు. పోగులు అతికి పెట్టేది కుళ్ళాయే. అక్కడ మనిషికి బరువుండదు కాబట్టి గుమ్మం దాటితే చాలు, మిద్దెంత ఎత్తు ఎగురుతుంది. గాలి లేదు కాబట్టి గొలుసు మోగినా అక్కడ వినబడదు, కింద మా మగ్గంలో వినబడుతుంది. బరువు, గాలి సంగతులు ప్రమీలమ్మ పుస్తకాల్లోంచి తీసుకున్నాను. తక్కినదంతా నాదే.

మగ్గం మీదికి కొత్త పడుగు వచ్చినప్పుడల్లా కథ ఇంకొంచెం సాగేది. అవ్వ కొడుకు చుక్కల్లో తప్పిపోవడం, వాణ్ణి వెతుక్కుంటూ కుళ్ళాయి తోకచుక్క ఎక్కడం, అన్నీ వచ్చాయి. ప్రమీలమ్మ పుస్తకం పక్కన పడేసి వినేది.

"ఏ పుస్తకంలోనూ ఇట్లాంటిది లేదక్కా. చివర్న ఏమైతుంది?"

"దీనికి చివర లేదు ప్రమీలమ్మా. కొసకు కొస అతుకుతా పోవడమే. అది ఆడ పోగులు అతుకుతాంటే నా బిడ్డ చచ్చిపోయినట్టు లేదు నాకు."

ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు నేను. ప్రమీలమ్మ బూడిదతో సహా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపని ఇప్పటికీ అనలేను, అదే నా బాధ.

రష్యావాళ్ళు మనిషిని ఆకాశంలోకి పంపిన సంవత్సరం అది. కాఫీ హోటళ్ళలో, రైలు స్టేషన్లో ఎక్కడ చూసినా చందమామ మాటే. ప్రమీలమ్మ కూడా ముందుకంటే ఎక్కువగా నా కథ అడిగేది. "తోకచుక్క ఏ రంగక్కా? అవ్వ ఏం కట్టుకుంటాది?" అని తొలిచేది. చివర్లో అయితే ముగింపు చెప్పు, ముగింపు చెప్పు అని ఒకటే పోరు. నా బిడ్డ మీద ఇంత ప్రేమా అని మురిసిపోయాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవుతాయని నాకెవరు చెప్పాలి!

ఆ వేసవిలో పెళ్ళివాళ్ళ చీరలు ఇవ్వడానికి నేనూ మా ఆయనా హిందూపురం బయల్దేరాం. రైలెక్కగానే ఆయన చీరల మూట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. పెనుకొండలో నల్లప్ప అని ఒకాయన ఎక్కాడు. హిందూపురం బెల్లం మండీలో గుమాస్తా. రోజూ ఆ బండిలో పోయేవాళ్ళకు ఒక అలవాటుంది. ఎవరు ఏం చదువుతున్నారో చెప్పుకుంటారు, పుస్తకాలు మార్చుకుంటారు. వాళ్ళందరికీ పెద్ద ఈ నల్లప్ప. కూర్చున్నాడో లేదో, "ఏమప్పా, ఆ మంత్రాలదీవి పుస్తకం అయిపోయిందా?" అని ఒకణ్ణి, "అది సగంలో పడేయి, దండగ" అని ఇంకొకణ్ణి పలకరించాడు. నాకు భలే సరదాగా ఉంది. ప్రమీలమ్మకు చెప్పాలనుకున్నాను.

నేను నవ్వుతుండటం చూసి, "నీకు చదువొస్తాదామ్మా?" అన్నాడు.

"రాదు. చెప్తే వింటా."

"అయితే ఇది వినాల నువ్వు. ఈ ఏడు నేను చదివినవాటిలో దీన్ని మించింది లేదు" అని సంచిలోంచి ఒక వారపత్రిక తీశాడు. "వెన్నెల మగ్గం అని సీరియలు. ఒక చిన్నపాప పట్టుపోగు పట్టుకుని చందమామలోకి పాకుతాది. ఆడ ఒక గుడ్డి అవ్వ..."

చేతిలో ఉన్న చెంబు జారిపోయింది. నీళ్ళు ఆయన కాళ్ళ మీద పడ్డాయి. ఆయన కాళ్ళు పక్కకు తీసుకుని చెబుతూనే ఉన్నాడు. గవాక్షి, తోకచుక్క, గాలి లేని చోట మోగే ఒంటి గొలుసు. ఒక్కటి వదల్లేదు. పేజీ తిప్పి బొమ్మ చూపించాడు. మగ్గం ముందు ఒక పిల్ల, ఒక కాలికే గొలుసు.

"ఆ పాప పేరేంది?" అన్నాను.

"జ్యోత్స్న."

పేరు కూడా ఉంచలేదు నా బిడ్డకు.

"రాసిందెవరు?"

"హిందూపురం ప్రమీలాదేవి అంట. మా పక్క ఆడమనిషి ఇంత బాగా రాస్తాదని ఎవరనుకున్నారు!"

మా ఇంట్లో కూర్చుని మా ఇంటి వాసాలే లెక్కపెట్టింది, ఎప్పుడు దేవి అయిందో! పత్రిక లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. అయినా ఆ కోపంలోనూ ఒక మూల చిన్న ఆశ. నా బిడ్డ ఇంతమంది నోళ్ళలో తిరుగుతోంది గదా, పోనీలే అని. సిగ్గు లేకుండా అడిగాను. "తర్వాత ఏమైతుంది?"

"ఇంకేముందమ్మా, ఈ వారంతో అయిపోయింది" అని నల్లప్ప కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చందమామ మీద మగ్గం పడుగు కొస మిగలకుండా తెగిపోయిందట. అతకడానికి ఒక్క పోగు దొరకలేదట. జ్యోత్స్న అవ్వ ఒళ్ళో కళ్ళు మూసిందట. గొలుసు చప్పుడు ఆగిందట. చదువుతూ చదువుతూ ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "రెండుసార్లు చదివినా. రెండుసార్లూ ఏడిస్తి" అన్నాడు.

నేను ఏడవలేదు. జ్వరం తగ్గి, బిడ్డ ఒళ్ళు చల్లబడిపోయినప్పుడు ఎట్లా కూర్చున్నానో అట్లాగే కూర్చున్నాను. మొదటిసారి దేవుడు తీసుకుపోయాడని సరిపెట్టుకున్నాను. రెండోసారి చంపింది నా గడప మీద కూర్చున్న మనిషి. బోడి మగ్గం ఎంత చెడ్డదో దానికి నేనే చెప్పాను. ఆ మాటతోనే చంపింది.

దిగేటప్పుడు నల్లప్ప ఆ పత్రిక నాకే ఇచ్చాడు. ఎవరితోనైనా చదివించుకోమన్నాడు.

మర్నాడు పొద్దున నేను కొత్త పడుగు అతుకుతున్నాను. ప్రమీలమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. "హిందూపురం పోయొస్తివంటనే అక్కా, ఏం విశేషాలు?" అంది.

పత్రిక తీసి ఒళ్ళో పెట్టి, బొమ్మ మీద వేలు పెట్టాను. "రైల్లో ఒకాయన ఇచ్చినాడు. ఈ బొమ్మ ఉండే కథ చదువు."

దాని మొహం పాలిపోయింది. కానీ గట్టిది, వెంటనే నవ్వు తెచ్చుకుంది. "అయ్యో, నీకు ముందే తెలిసిపోయెనే! నీ కథేనక్కా. అచ్చయినాక ఒక్కసారిగా చూపించి నిన్ను సంతోషపెడదామనుకుంటి."

"సంతోషమే. చివర చదువు."

అది పేజీ తిప్పింది. ఒకసారి ఊపిరి తీసుకుంది. తర్వాత వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. చందమామ మీద పడుగు తెగబోయిందట. కుళ్ళాయి చూసిందట. అవును, కుళ్ళాయి అనే చదివింది. అతకడానికి పోగు లేకపోతే తన జడలోంచి ఒక వెంట్రుక తీసి కొసకు మెలిపెట్టిందట. వెంట్రుక వెండిపోగైపోయిందట. ఆ పోగు పట్టుకుని చందమామ దాటి, ఇంకా అవతలి చుక్కకు పాకిందట. అక్కడ ఇంకో మగ్గం ఉందట. గొలుసు చప్పుడు ఇప్పటికీ కింద వినబడుతూనే ఉందట.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత బాగుందో ఆ ముగింపు! ఇన్నేళ్ళలో నాకే తట్టలేదు. నాకెట్లాగూ చదువు రాదు, రైల్లో నల్లప్ప ఎదురుకాలేదని ఒక్క క్షణం అనుకుని చూశాను. ఆ క్షణం ప్రమీలమ్మ కాళ్ళకు మొక్కేదాన్ని.

"అంతా ఈడ అచ్చేసి ఉండాదా?" అన్నాను.

"ఆఁ. ఇదిగో, ఈ వరసల్లోనే."

"నల్లప్ప అని, పెనుకొండాయన. ఈ పేజీ నాకు చదివి వినిపించి ఏడ్చినాడు ప్రమీలమ్మా."

దాని వేలు ఆ వరస మీదే ఆగిపోయింది. "నువ్వు ముగింపు చెప్పకపోతివి. పత్రికవాళ్ళు తొందరగా ముగించమంటిరి. పాప చచ్చిపోతేనే చదివేవాళ్ళు కలకాలం గుర్తుపెట్టుకుంటారని రాసిరి. నేనేం చేసేదక్కా?"

"కథ తీసుకున్నావు. పేరు మార్చినావు. పోనీ. ఇప్పుడు నా ముందర చదివితివే, అది ఎంతసేపట్లో అల్లినావు?"

ప్రమీలమ్మ పత్రిక మూసేసింది.

"ఊపిరి తీసుకునేంతలో అల్లినావు. ఇంత మంచిది నీ నోట్లోనే ఉండె గదే! నాకు అబద్ధం చెప్పేదానికి వచ్చె, నా బిడ్డను బతికించేదానికి రాలేదా?"

ప్రమీలమ్మ ఏడుస్తూ లేచి పోయింది. నేను పిలవలేదు. మా ఆయన పక్క మగ్గం గుంటలోంచి నా మొహం చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో గానీ, ఆ పూట మగ్గం ఆడించలేదు. కొద్దిరోజులకు వాళ్ళు గది ఖాళీ చేసి స్టేషన్ దగ్గరికి మారిపోయారు.

ఆ పడుగు నేను మాట లేకుండానే అతికాను. తర్వాతిదీ అంతే. కుళ్ళాయిని పోగు పట్టించి గవాక్షి దాకా తీసుకుపోతాను. అక్కడ నల్లప్ప గొంతు వినబడుతుంది. పోనీ ప్రమీలమ్మ చెప్పిన వెండిపోగు పట్టించుదామా అంటే, అది కళ్ళెదుట ఆడిన అబద్ధం. దాని మీద బిడ్డను ఎట్లా ఎక్కించేది?

ఇంకొకరి నోటితో చదివించుకునే బతుకు వద్దనుకుని మహిళా మండలిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. ఈలోగా ఆ సీరియలు పుస్తకంగా వచ్చింది. చందమామ కథలు నాకిష్టమని తెలిసిన ప్రతివాళ్ళూ దాన్నే తెచ్చి చేతిలో పెడతారు. "వెన్నెల మగ్గం చదివినావా నరసక్కా? చదివి తీరాల" అంటారు.

చదివానంటాను. అబద్ధం కాదు, చాలాసార్లు చదివాను. జ్యోత్స్న అని ఉన్నచోటల్లా కుళ్ళాయి అనుకుంటూ చదువుతాను. తోకచుక్క దిగి అది అవ్వ దగ్గరికి తిరిగొచ్చి, మగ్గం ముందు కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుంటుంది. అక్కడ పుస్తకం మూసేస్తాను. ఆ తర్వాత ఇంకా రెండు పేజీలున్నాయి.