రోగి మాటల్లో

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందుగదిలో ఫ్యాను కింద బావ. ఆయన పక్కన మోకాళ్ళకి నూనె రాసుకుంటూ వాళ్ళమ్మగారు. ఆవిడ అక్కకి అత్తగారు, నేనూ అత్తయ్యా అనే పిలుస్తాను. కాళ్ళకి అడ్డం పడుతూ ఇల్లంతా తిరిగే చిన్నోడు. వంటగదిలో అక్క. వంటగది గుమ్మంలో, లోపలా కాకుండా బయటా కాకుండా, ఒళ్ళో పుస్తకం, చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డతో నేను. నేను రాకముందు ఈ ఇంట్లో ఇంకొకావిడ కనపడేది, పనిచేసే ఆవిడ. నేను కాలేజీ కోసం మా ఊరి నుంచి వచ్చి పెట్టె సర్దుకున్నానో లేదో ఆవిడని మాన్పించేశారు. "ఇంట్లో ఇంత ఆడపిల్ల తిరుగుతుంటే ఇంకా పనిమనిషి ఎందుకు?" అన్నారు అత్తయ్య. బావ "అదీ నిజమే" అన్నారు. అక్క నావైపు చూసి చూపు తిప్పుకుంది.

నేను చదివేది ఆసుపత్రుల్లో ఉద్యోగాలకి పనికొచ్చే కోర్సు. మొదటి ఏడాది మాకు నేర్పేది ముఖ్యంగా డాక్టర్ల మాటలు. మా మేడం ఒకప్పుడు నర్సుగా చేశారు. "మాటని తోక దగ్గర్నుంచి చదవండి, తోక పట్టుకుంటే జంతువు దొరుకుతుంది" అంటారు. తోకలో "ఐటిస్" ఉంటే వాపు. "ఆల్జియా" ఉంటే నొప్పి. "ఎక్టమీ" ఉంటే కోసి తీసేయడం. ముందున్న ముక్క ఒంట్లో ఏ భాగమో చెప్తుంది. క్లాసులో మిగతా పిల్లలు ఇంగ్లీషులో గలగలా మాట్లాడతారు. నేను నోరు తెరిస్తే ముందు బెంచీ వాళ్ళ భుజాలు కదులుతాయి. అందుకే చివరి బెంచీలో కూర్చుంటాను. కానీ ఈ మాటలంటే నాకు భయం లేదు. ఇవి ఎవరింట్లోనూ మాట్లాడుకునేవి కావు. ఏ పిల్లా వీటిని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని రాలేదు. అందరం ఒకే రోజు, ఒకే గీత దగ్గర్నుంచి మొదలుపెట్టాం. నాకు ఇలాంటిది ఇంతకుముందు ఎప్పుడూ దొరకలేదు.

గిన్నెలు తోమేటప్పుడు అక్కకి పాఠం అప్పజెప్తాను. అక్క పదో తరగతితో ఆగిపోయింది కానీ నాకంటే చురుకు. నేను ఒకసారి చెప్తే చాలు, పట్టేస్తుంది. 

"చెవికి ఓటో. ఓటైటిస్ అంటే చెవిలో వాపు."

"మీ బావకి ఉందే అది. నేను పిలిచినప్పుడే వస్తుంది."

"కీళ్ళకి ఆర్థ్రో. ఆర్థ్రాల్జియా."

"అది అత్తయ్యగారిది. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు మాత్రం ఉండదు. నోటినేమంటారే?"

"స్టొమాటో."

"అయితే స్టొమాటెక్టమీ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు. ఈ ఇంట్లో ఇద్దరికి చేయించాలి."

నేను నవ్వు ఆపుకోలేక గుడ్డ నోట్లో కుక్కుకున్నాను. "మరి నీకేం లేదా అక్కా?" అని అడిగాను. "నాకెక్కడివే? ఇంట్లో అందరికీ పంచగా మిగిలితే కదా" అంది.

కానీ మిగిలింది. నాకు తెలుసు. అక్క తెల్లవారకముందే లేచి దుప్పటి ఉతుకుతుంది, వారంలో ఎన్నిసార్లో. నీళ్ళ బిందె ఎత్తబోయి మధ్యలో ఆగి, గోడ పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. ఎవరైనా చూస్తే "ఏం లేదు, తల తిరిగింది" అని మళ్ళీ ఎత్తుతుంది. నాకు నెలకొకసారి వచ్చిపోయేది అక్కకి వచ్చి, పోవడం మర్చిపోయింది. చిన్నోడు పుట్టిన దగ్గర్నుంచీ ఇంతేనట. నేను వచ్చిన కొత్తలో బావ ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను చిన్నోణ్ణి ఎత్తుకుని వెంట వెళ్ళాను. డాక్టరమ్మ అక్కని చూసి "ఏంటమ్మా?" అని అడిగింది. బావ అందుకున్నారు. "కొంచెం నీరసమండీ. సరిగా తినదు. చెప్తే వినదు." డాక్టరమ్మ రాసుకుంది. బయటికొచ్చేసరికి అక్క చేతిలో టానిక్ సీసా ఉంది. "నువ్వు చెప్పలేదేం?" అని దారిలో అడిగాను. "ఎక్కడ చెప్పను? ఆయన చెప్తూనే ఉన్నారుగా" అంది.

అప్పట్నుంచీ నాకు కాలు నిలవదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతాయి, మూస్తే అక్క దగ్గు వినిపించినా ఉలిక్కిపడతాను. పాఠాల్లో ముందుకు ముందుకు వెతుక్కుంటూ పోయి ఆ మాట పట్టుకున్నాను. మెనోరేజియా. మెనో అంటే నెలది. తోకలో ఉన్నది కట్ట తెగి పారడం. ఆ మాట దొరికిన రోజు, దొంగని పట్టుకున్నంత సంతోషం కలిగింది. జబ్బుకి పేరుంటే మందు కూడా ఉంటుందని నా నమ్మకం.

మేడం మాకు ఒక పని ఇచ్చారు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఆసుపత్రిలో రాసుకున్నట్టు రాసుకురమ్మన్నారు. నేను అక్క గురించి రాశాను. మొదటి వరసలోనే మెనోరేజియా అని, ముత్యాల్లాంటి అక్షరాలతో. శనివారం మేడం ఆ వరసని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి నా బెంచీ దగ్గరికి వచ్చారు.

"ఇది నీ మాట. ఆమె ఏమంది?"

"ఆమెకి ఈ మాట తెలీదు మేడం."

"తెలియక్కర్లేదు. మొదటి వరస రోగిది. రోగి ఎలా చెప్తే అలా, ఒక్క మాట మార్చకుండా రాయాలి. మన మాటలు ఆ తర్వాత. ఆమె చెప్పకముందే పేరు పెట్టేస్తే ఇంకేం వింటావు?"

నాకు ఏడుపొచ్చింది. అంత పెద్ద మాట నేనొక్కదాన్నే కనిపెడితే కొట్టేశారే అనిపించింది. ఆవిడ చెప్పింది చెవికి ఎక్కింది కానీ బుర్రకి ఎక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. బావ, అత్తయ్య తింటున్నారు. అక్క వడ్డిస్తోంది. కూర గిన్నె తేవడానికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. చూస్తే వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది, పెదాలు తెల్లగా పాలిపోయి. నేను గిన్నె పట్టుకొచ్చి వడ్డించాను.

"ఏమైంది మళ్ళీ?" అన్నారు అత్తయ్య. "నాలుగడుగులు వేస్తే కూలబడుతుంది. మా రోజుల్లో బిడ్డని కన్న పదో రోజుకే బావిలో నీళ్ళు తోడాం."

"బద్ధకం అమ్మా" అన్నారు బావ, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "చెల్లెలు వచ్చింది కదా, అలవాటు పడింది."

నాకు నోట్లో నాలుక లేదని ఊరంతా అంటుంది. ఆ క్షణంలో ఆ నాలుక ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

"బద్ధకం కాదు బావా. అక్కకి మెనోరేజియా."

బావ నవ్వారు. "ఓహో! డాక్టరమ్మగారు మన ఇంట్లోనే ఉన్నారన్నమాట. ఏంటమ్మా అది?"

నేను చెప్పేశాను. ముక్కలు విడదీసి, తోక దగ్గర్నుంచి, క్లాసులో అప్పజెప్పినట్టు. నెలది అన్నాను. పారడం అన్నాను. దుప్పట్ల సంగతి కూడా అనేశాను. అత్తయ్య చేతిలో ముద్ద పళ్ళెంలో పడేశారు.

"ఛీ ఛీ! మగాడు అన్నం తింటుంటే ఆ మాటలేంటే? దానికి లేని బాధ నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకంట!"

బావ నవ్వడం మానేశారు. "నీకు నేర్పే చదువు ఇదా? ఇదైతే మీ ఊళ్ళోనే ఉండొచ్చు. రేపే బస్సెక్కిస్తాను" అని చెయ్యి కడుక్కుని లేచారు.

నేను వంటగదిలోకి వెళ్ళాను. అక్క నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. అక్క గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి అంది.

"నా ఒళ్ళు నీ పరీక్ష పేపరా? అందరి ముందూ విప్పి చూపించావు. నన్ను అడిగావా?"

దెబ్బ తగిలిందంటే అదీ. బావ మాట కూడా అంత తగల్లేదు. నా కాళ్ళు అక్కడ నిలవలేదు, బయటికీ పోలేదు. తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచాను. ఒకటే తిరుగుతోంది బుర్రలో. డాక్టరమ్మ దగ్గర బావ నీరసం అన్నారు. అత్తయ్య కూలబడుతుందన్నారు. నేను ఇంకా పెద్ద మాట అన్నాను, గొప్ప మాట, కానీ అన్నది నేనే. కందకి దురద ఉందో లేదో అని ఇంతమందిమి కొట్టుకుంటున్నాం. కందని ఎవరడిగారు? మేడం కొట్టేసిన ఎర్ర గీత అప్పుడు వచ్చి తగిలింది నాకు.

చిన్నోడు నిద్రపోయాక, అత్తయ్య పడుకున్నాక, అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. చేట నా వైపు కూడా కొంచెం జరిపింది. అంటే కోపం సగం పోయినట్టే.

"అక్కా, నేను ఇంక పేరు చెప్పను. నీకెలా ఉంటుందో నువ్వు చెప్పు."

"ఏముంది చెప్పడానికి?"

నేను మాట్లాడలేదు. రాళ్ళు ఏరాను. మాట్లాడకుండా ఉండటం నాకు బాగా వచ్చు. ఊళ్ళో అందుకే వెక్కిరించేవాళ్ళు. చాలాసేపటికి అక్క చేట వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"కొళాయి కట్టేయడం మర్చిపోయినట్టు ఉంటుందే. లోపల ఎక్కడో కారుతూనే ఉంటుంది, నేను పనులు చేసుకుంటూనే ఉంటాను. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే భయం, వెనక ఏం కనపడుతుందో అని. అందుకే ముదురు రంగు చీరలే కడతాను. మీ బావ అంటారు, నీకు ఆ రంగులేంటి, ముసలిదానిలా అని. నిలబడితే నేల మెత్తగా అయిపోతుంది. చిన్నోణ్ణి ఎత్తుకుని మేడ మెట్లు దిగుతున్నప్పుడు ఒకసారి ఒక మెట్టు కనపడలేదు. వాణ్ణి ఎలా పట్టుకున్నానో నాకే తెలీదు. ఆ రోజు నుంచీ వాణ్ణి ఎత్తుకోవడం మానేశాను. వాడు చేతులు చాపితే, పనుందిరా అంటాను. పనుండి కాదు."

అక్క ఒక రాయి ఏరి పక్కన పెట్టి మళ్ళీ అంది, "ఇదంతా ఎవరికీ చెప్పలేదు. ఎవరికైనా చెప్తే ఇంత పొడుగుంటుందని నాకు తెలీదు."

నాకు ఒక్క తోకా గుర్తు రాలేదు. ఒక్క ముక్కా విడదీయబుద్ధి కాలేదు. 

సాయంత్రం బావ టీ తాగుతుంటే అక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"రేపు ఆసుపత్రికి వెళ్తాను."

"మొన్నే కదా వెళ్ళాం! ఆ టానిక్ సీసా సగం కూడా అవ్వలేదు."

"ఆ సీసా మీరు చెప్పిన జబ్బుకి ఇచ్చారు. నా జబ్బు ఇంకా ఎవరూ చెప్పలేదు."

అత్తయ్య నూనె సీసా మూత పెట్టడం ఆపేశారు. బావ నా వైపు చూశారు, ఇదంతా నీ పనే అన్నట్టు. నేను తల దించుకున్నాను. నా పెట్టె ఏ మంచం కింద ఉందో గుర్తు తెచ్చుకున్నాను, తొందరగా సర్దుకోవాల్సి వస్తుందేమో అని. "చెల్లెలు ఎక్కడికీ వెళ్ళదు" అంది అక్క, నేను నోరు తెరవకుండానే. "అది వెళ్తే ఈ గిన్నెలు మీరు తోముతారా?" అది నా కోసం అన్న మాటో, నిజంగా గిన్నెల కోసం అన్న మాటో నాకు తేలలేదు. రెండూ అయ్యుండొచ్చు.

"సరే, నేనూ వస్తాను" అన్నారు బావ చివరికి. "నువ్వొక్కదానివి అక్కడ ఏం చెప్తావు?"

సోమవారం కాలేజీ మానేసి నేనూ వెళ్ళాను. చిన్నోణ్ణి అత్తయ్య దగ్గర వదిలాం. బల్లల మీద జనం, మందుల వాసన, దగ్గులు. గోడ మీద అతికించిన బొమ్మల్లో నాకు తెలిసిన మాటలన్నీ కనిపించాయి, పలకరించినట్టు. కానీ నా మోకాలు ఊగుతూనే ఉంది. అక్క లోపలికి వెళ్ళి నీళ్ళు నమిలితే ఏం చెయ్యాలి? ఎక్కణ్ణుంచి అందుకోవాలి? ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్ళు ఉంటోంది, అన్నీ వరసగా పెట్టుకున్నాను. మేడం చెప్పినట్టే, అక్క మాటల్లోనే. కొళాయి, చీరలు, మెట్టు. ఒక్క మాట మార్చకుండా అప్పజెప్పగలను.

నర్సు బయటికి వచ్చింది. "తర్వాత పేషెంట్ ఎవరు?"

"మేమే" అని బావ చెయ్యెత్తారు.

"మీకేంటి సార్ ఇబ్బంది?"

"నాకు కాదు. మా ఆవిడకి."

"మరి ఆవిడ రావాలి కదా."

పక్క బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క లేచింది. బావ కూడా లేచి చొక్కా సర్దుకున్నారు.

"మీరు కూర్చోండి" అంది అక్క.

"అదేంటి, నేను లేకుండా..."

"కూర్చోండి."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బావ కూడా విన్నట్టు లేరు, కూర్చున్నారు. కూర్చుని నా మోచేతిని పొడిచారు, నువ్వైనా వెళ్ళు అని. నేను అప్పటికే సగం లేచాను. అక్క వెనకే గుమ్మం దాకా వెళ్ళాను. లోపల డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని, పెన్ను తెరిచి ఎదురుచూస్తోంది. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా పెదాలు కదులుతున్నాయని, నేను వల్లె వేస్తున్నానని అక్కకి అర్థమైపోయింది. నా చెంప మీద ఒకసారి చెయ్యి వేసి, "నువ్వు కూడా బయటే ఉండవే" అని, తలుపు వేసుకుంది.