కూర్చునే కౌంటర్

ఆ షాపులో పనివాళ్ళెవరూ కూర్చోకూడదు. మందులు, సబ్బులు, పసిపిల్లల బట్టలు, అద్దాల మధ్య మెరిసిపోయే లిప్‌స్టిక్కులు, ఇలా రెండంతస్తుల నిండా సరుకుంది కానీ అమ్మేవాళ్ళకి ఒక్క స్టూలు లేదు. కూర్చుంటే కొనేవాళ్ళ కళ్ళకి బద్ధకంగా కనిపిస్తారట. మేనేజర్ అటుగా వస్తుంటే గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా నిటారుగా అయిపోవాలి.

ఒక్కచోట మాత్రం కుర్చీలున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి కావలసినవి అమ్మే కౌంటర్ దగ్గర. కొనడానికి వచ్చేవాళ్ళు నిలబడలేరు కాబట్టి వాళ్ళకి రెండు కుర్చీలు. వాళ్ళ నెత్తిమీద నిలబడి మాట్లాడితే బాగుండదు కాబట్టి అమ్మేమనిషికి ఒకటి. ఆ ఒకటి ఇప్పుడు చిట్టిది.

చిన్నప్పుడు పిట్టలా ఉండేదని ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. షాపులోనూ అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఏడో నెల దాటింది. “ఇంకా చిట్టి ఏంటే, గంపా అని పిలవాలి నిన్ను” అని పక్క కౌంటర్‌లో మేకప్ సామాను అమ్మే ఆవిడ ఏడిపిస్తుంటుంది. ఆవిడని అందరూ రంగులక్క అంటారు. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మొహాలకి రంగులు పూసి పంపిస్తోంది. ఆవిడ మొహానికి మాత్రం పౌడర్ కూడా ఉండదు.

చిట్టి మొదట బిల్లింగ్‌లో ఉండేది. ఐదో నెలలో కాళ్ళు మొద్దుల్లా వాచాయి. ఒకరోజు కాస్త రక్తం కూడా కనబడింది. డాక్టరమ్మ పరీక్షచేసి, బిడ్డకేం కాలేదని చెప్పి, తర్వాత కళ్ళజోడు తీసి మరీ చెప్పింది. “నిలబడే పనైతే మానెయ్యమ్మా. కూర్చునే పనైతే చేసుకో.” మానెయ్యడం చెప్పినంత తేలిక కాదు. భర్త బస్సు నడుపుతాడు. ఆ ఒక్క జీతంతో ఇంటద్దె కడితే తిండికి వెతుక్కోవాలి, తిండి తింటే ఇల్లు వెతుక్కోవాలి.

చిట్టి వెళ్ళి అడగకముందే మేనేజర్ పిలిచాడు. “ఆ కౌంటర్‌లో కూర్చో. నీ పొట్టకి మించిన బోర్డు మనకేం కావాలి?” అన్నాడు. ఆ కౌంటర్‌లో బాగా అమ్ముడుపోయేది ఒక బంగారురంగు ట్యూబు. రోజూ రాసుకుంటే పొట్టమీద చారలు పడవని దానిమీద రాసి ఉంటుంది. చిట్టికి సగం ధరకి ఇచ్చారు. కొనడానికి ఎవరొచ్చినా మేనేజర్ ఆమె కుర్చీ వెనకాల నిలబడి, “మా అమ్మాయిని చూడండి, మొదట్నుంచీ ఇదే రాస్తోంది, ఒక్క చార పడలేదు” అనేవాడు. చిట్టి నవ్వేది. మొదట్నుంచీ అన్నది అబద్ధమే అయినా, చార పడలేదన్నది అప్పటికి నిజమే.

ఆరో నెల మధ్యలో ఒకరోజు స్నానం చేస్తుంటే పొట్ట కింద చేతికి ఏదో గరుకుగా తగిలింది. వంగి చూసుకుందామంటే పొట్టే అడ్డం. తుడుచుకుని అద్దం ముందు నిలబడింది. ఎర్రరంగు పూసుకున్న గోళ్ళతో ఎవరో కింద నుంచి పైకి గీరినట్టుంది. వారం తిరిగేసరికి చారలు బొడ్డు దాకా పాకాయి. రెండుపూటలా క్రీమ్ రాసింది. అవి ఎక్కడం మానలేదు.

ఒక సాయంత్రం అత్తగారు చిట్టి కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టి, చారల సంగతి విని, పక్కన పీట వేసుక్కూచుంది.

“అవా! నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నాకు తొడల దాకా పడ్డాయి. నాలుగేళ్ళకి తెల్లబడి చర్మంలో కలిసిపోయాయి. చారల కోసం ఎవరైనా ఏడుస్తారటే?”

“చారల కోసం కాదత్తయ్యా. కుర్చీ పోతుంది.”

“పొట్టకీ కుర్చీకీ ఏంటే సంబంధం?”

చిట్టి చెప్పింది. “అయితే బట్ట కప్పుకుని కూర్చో. ఎవడైనా ఎత్తి చూస్తాడా ఏంటి?”

అప్పుడే వచ్చిన భర్త గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ నడుం పట్టుకున్నాడు. “నాకు కూర్చుని కూర్చుని నడుం పడిపోతోంది, నీకేమో కుర్చీ పోతుందని బెంగ. ఇద్దరం ఉద్యోగాలు మార్చుకుందామా?”

“బస్సు మొదటి మలుపులోనే గోడెక్కుతుంది” అంది అత్తగారు.

ముగ్గురూ నవ్వారు. చిట్టికి నవ్వడానిక్కూడా ఓపిక చాల్లేదు. నవ్వు సగంలోనే ఆవలింతయిపోయింది.

ఎత్తి చూసేవాళ్ళు వచ్చారు. క్రీమ్ కంపెనీ తరఫున ఒకావిడ వస్తుందని, పోస్టర్ కోసం పొట్ట ఫోటో తీస్తుందని మేనేజర్ ఒక పొద్దున చెప్పాడు. “మొహం రాదులే, పొట్ట ఒక్కటే. మన షాపుకి ఎంత పేరో తెలుసా?” చిట్టి తలూపింది. ఆయన అటు వెళ్ళగానే రంగులక్క దగ్గరికి వెళ్ళి, అద్దాల బల్ల పట్టుకుని, చారల సంగతి చెప్పేసింది.

“ఇందుకా మొహం అలా పెట్టావు? మొటిమల గుంటలు పూడ్చి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినదాన్ని, నీ పొట్ట నాకో లెక్కా?”

భోజనాల వేళ ఇద్దరూ సరుకు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. రంగులక్క రెండు అట్టపెట్టెలు చేర్చి, మీద దుప్పటి పరిచి, చిట్టిని వెల్లకిలా కాకుండా ఒక పక్కకి ఒరిగించి పడుకోబెట్టింది. ముందు ఆకుపచ్చ రంగు అద్దింది. ఎరుపుని పచ్చ చంపుతుందట. దానిమీద చర్మం రంగు, మీద పౌడర్. స్పంజి చల్లగా తగులుతుంటే లోపలి బిడ్డ తన్నింది.

“నీ పిల్లకి నా పని నచ్చలేదు” అంది రంగులక్క. చిట్టి అప్పటికే నిద్రపోయింది.

మేనేజర్ గదిలో కిటికీ తెర వేసి, రంగులక్క తోడుండగా ఫోటో తీశారు. మేనేజర్ గుమ్మం బయట అటు తిరిగి నిలబడ్డాడు. కంపెనీ ఆవిడ సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో, ఎక్కడెక్కడో తిరిగి వచ్చినట్టుంది. గబగబా తీసి, కెమెరాలో చూసుకుని, “చాలా బాగుంది. ఇది ‘తర్వాత’. ‘ముందు’ పొట్ట ఎవరిది?” అంది.

“ముందు పొట్టేంటండీ?” బయటినుంచే అడిగాడు మేనేజర్.

“వాడకముందు చారలు, వాడిన తర్వాత నునుపు. రెండూ పక్కపక్కన వేస్తేనే కదండీ పోస్టర్?”

“మా దగ్గర చారలున్నవాళ్ళెవరూ లేరండీ” అన్నాడాయన గర్వంగా.

కంపెనీ ఆవిడ అక్కడున్న సోఫాలో కూలబడింది. “పొద్దున్నుంచి తిరుగుతున్నాను. ఏ షాపుకి వెళ్ళినా నున్నటి పొట్టలే ముందు పెడుతున్నారు. చారలున్న ఒక్క పొట్ట దొరికితే నేను ఇంటికెళ్ళి పడుకుంటాను.”

రంగులక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు అదురుతున్నాయి. చిట్టి ఒకసారి ఆవిడ వంకా, ఒకసారి కంపెనీ ఆవిడ వంకా చూసింది. దాచడానికి కూడా ఓపిక ఉండాలి. అది అయిపోయింది.

“తడిగుడ్డ ఇలా ఇవ్వక్కా” అంది.

తుడవడానికే ఎక్కువసేపు పట్టింది. రంగంతా పోయాక కంపెనీ ఆవిడ ఆశ్చర్యపోలేదు. లేచి, దీపం కాస్త పక్కకి జరిపి, ఫోటో తీసింది. “ఒకే మనిషి అని కూడా వేసుకోవచ్చు. ఇంకా మంచిది.” తర్వాత కెమెరా సంచిలో పెట్టుకుంటూ, మాట మార్చినట్టు అడిగింది. “క్రీమ్ రాస్తున్నారా?”

“రెండుపూటలా.”

“దురద తగ్గుతుందిలెండి. మా అక్కకీ అంతే.”

ఆవిడ వెళ్ళాక మేనేజర్ లోపలికి వచ్చి, బల్లమీద మరకలు పడ్డ గుడ్డనీ, చిట్టినీ మార్చి మార్చి చూశాడు. కోప్పడతాడనుకుంది. “ఈ సంగతి ఈ గది దాటకూడదు. వెళ్ళి నీ సీట్లో కూర్చో” అన్నాడంతే. కుర్చీ దక్కింది. చిట్టి ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ పూటంతా ఎవరో తన చొక్కా లోపలికి తొంగి చూస్తున్నట్టే ఉంది.

పోస్టర్ వచ్చింది. కుర్చీకి వెనకాల, మనిషంత ఎత్తున కట్టారు. ఎడమ పక్క ఒక పొట్ట, కుడి పక్క ఒక పొట్ట. అమ్మకాలు పెరిగాయి.

ఎప్పుడూ వచ్చేవాళ్ళలో ఒక టీచరమ్మ ఉంది. మొదటి కాన్పు. బళ్ళో పిల్లల్ని అదిలించి అదిలించి గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉంటుంది. కుర్చీలో కూర్చోగానే చెప్పులు వదిలేసి, “నిన్ను చూస్తే ధైర్యంగా ఉంటుంది చిట్టీ” అనేది. ఆ రోజు చెప్పులు వదల్లేదు. పక్కనే తెర కట్టిన చిన్న గదిలోకి పద పదమని చిట్టిని తీసుకెళ్ళి బట్ట పైకెత్తింది. పొట్ట నిండా ఎర్రటి గీతలు. కొన్ని గీరుకోవడంతో చిట్లాయి కూడా.

“మా ఆడపడుచు చూసి, సరిగ్గా రాసుకోలేదు, అన్నీ బద్ధకాలే అంటోంది. నేను నిజంగానే రోజూ రాస్తున్నాను చిట్టీ. నువ్వెలా రాస్తున్నావో ఒకసారి చూపించవా? నా చేతిలోనే ఏదో లోపం ఉంది.”

చిట్టి తెరవైపు చూసింది. అవతల కుర్చీ కాళ్ళు కనిపిస్తున్నాయి. పొట్టలో బిడ్డ మెల్లగా పక్కకి తిరిగింది. ఇంకో నెలా పదిహేను రోజులు నెట్టుకొస్తే చాలు అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

యూనిఫాం చొక్కా గుండీలు విప్పింది.

టీచరమ్మ చాలాసేపు చూసింది. ముందు అర్థం కానట్టు, తర్వాత బాగా అర్థమైనట్టు.

“మరి ఆ పోస్టర్?”

“రెండూ నావే. కుడివైపు దానికి రంగు పూశారు. మీ చేతిలో లోపం లేదండీ. చర్మం సాగితే కొందరికి పడతాయి, కొందరికి పడవు. క్రీమ్ దురదకి పనికొస్తుంది, అంతే. చిట్లిన చోట మాత్రం ఇది రాయకండి, డాక్టర్‌కి చూపించండి.”

“ఇన్ని రోజులు నా మొహంలో మొహం పెట్టి అబద్ధం చెప్పావే!”

“ఈ కుర్చీ పోతే నిలబడాలండీ. నిలబడితే బిడ్డకి మంచిది కాదన్నారు.”

“నాకూ బిడ్డే ఉంది లోపల” అంది టీచరమ్మ. “రాత్రిళ్ళు ఏడ్చాను నేను.” బట్ట సర్దుకుని, తెర తోసుకుని వెళ్ళిపోయింది. బిల్లింగ్ దగ్గర సంచిలోంచి విప్పని ట్యూబు తీసి బల్లమీద పెట్టడం, గొంతు పెంచి మాట్లాడటం, మేనేజర్ పరుగున వెళ్ళడం చిట్టికి కనబడుతూనే ఉన్నాయి. ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

మేనేజర్ వచ్చాడు. చిట్టి లేవబోయింది. కాళ్ళు రాలేదు. రెండోసారి ప్రయత్నించలేదు.

“ఏం చెప్పావు ఆవిడకి?”

“ఉన్నది చెప్పాను సార్.”

“ఉన్నది చెప్పడానికా నిన్నిక్కడ కూర్చోబెట్టింది? రేపట్నుంచి బిల్లింగ్‌కి వెళ్ళు.”

“వెళ్తాను సార్. కుర్చీ కూడా తీసుకెళ్తాను. నిలబడొద్దంది డాక్టర్.”

“బిల్లింగ్‌లో కుర్చీలుండవని నీకు తెలీదా?”

“తెలుసు కాబట్టే కదా సార్, ఇన్నాళ్ళూ అబద్ధమాడింది.”

పక్క కౌంటర్ నుంచి రంగులక్క అద్దం తుడుస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. “పోస్టర్ ఇక్కడ, పొట్ట అక్కడ. అడిగినవాళ్ళని నేను బిల్లింగ్‌కి పంపిస్తుంటాలే.”

“నువ్వు నీ పని చూసుకో.”

“చూసుకుంటున్నా సార్. పచ్చరంగు అయిపోయింది, మళ్ళీ తెప్పించండి.”

ఇంతలో ఒకావిడ వచ్చి, ఎవరూ రమ్మనకుండానే ఎదురు కుర్చీలో ధబ్బున కూర్చుంది. చంకలో ఒక పిల్ల, చేతిలో బరువైన సంచి, నిండు పొట్ట. పిల్లని దించి, మెడ తుడుచుకుని, పోస్టర్ వంక గడ్డంతో చూపించింది. “ఇది పని చేస్తుందామ్మా?”

మేనేజర్ కదల్లేదు. చిట్టి ఆయన వంక చూడలేదు.

“చారలు ఆగవండీ. దురద తగ్గుతుంది.”

“చారలు నాకెందుకు, ఇది మూడోది. ఇప్పుడు చార పడటానికి చోటెక్కడుంది?” ఆవిడ నవ్వింది. “దురదకి చస్తున్నాను తల్లీ. చిన్నదుంటే ఇవ్వు, పెద్దది వద్దు.”

చిట్టి చిన్న ట్యూబు తీసిచ్చింది. ఆవిడ అక్కడే మూత తిప్పి, వాసన చూసి, ముంజేతికి కాస్త రాసుకుని, లేవకుండా అలాగే కూర్చుండిపోయింది. “కాసేపు కూర్చోనీ” అంది. చిట్టి తలూపింది. పిల్ల ఇద్దరి మధ్యా నేలమీద చతికిలబడి సంచి లాగుతోంది.

మేనేజర్ ఆవిడ చేతిలో ట్యూబుని చూశాడు, పోస్టర్‌ని చూశాడు, బిల్లింగ్ దగ్గర పెరుగుతున్న వరసని చూశాడు. వెళ్తూ వెళ్తూ, తల తిప్పకుండా అన్నాడు.

“ఆ చిన్న ట్యూబులు ముందు వరసలో సర్దు.”

“అలాగే సార్.”

సర్దాలంటే లేవాలి. చిట్టి కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించింది. మళ్ళీ తీసేసి, ఇంకాసేపాగి లేద్దామనుకుంది.