ఎనభై రెండు డిగ్రీల మూత

శూలగిరి ఎత్తు మీద ప్రతిభ కారు రెండోసారి పొగలు కక్కింది. మెకానిక్ జయప్రకాశ్ వచ్చి బోనెట్ ఎత్తి, ఇంజను తల మీదున్న చిన్న డిప్ప విప్పి చూశాడు. లోపల థర్మోస్టాట్ లేదు. చెడిపోవడం కాదు, ఇరుక్కుపోవడం కాదు, అసలు లేనే లేదు. వారం కిందట తన చేతులతోనే కొత్తది బిగించిన మనిషి ఆ ఖాళీ గుంటను చూసి నోరు వెళ్లబెట్టాడు. అది కూడా ప్రతిభకు నటనలాగే కనిపించింది.

“నువ్వు ఏసినావా, ఏసినట్టు చేసినావా?” అంది.

“మీ కండ్ల ముందరే కదమ్మా బిగించినాను! ఈ ఇంజన్లో అది లేకుంటే నీళ్లు రేడియేటరుకు సరిగా పోవు, లోపల్లోపలే తిరుగుతా ఉంటాయి. కాగక ఏం చేస్తాయి? తెలిసి తెలిసి నేనెందుకు తీస్తాను?”

అదీ నిజమే. ఆమె పక్కన నిలబడే చూసింది. థర్మోస్టాట్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్లను ఆపి, ఆపైన రేడియేటరుకు దారి తెరిచే చిన్న మూత. జయప్రకాశ్ తీయలేదంటే ఇంట్లోవాళ్లే తీశారు.

ఆ పాత కారు ప్రతిభకు నాన్న ఇచ్చిపోయినది. మత్తిగిరి నుంచి కావేరిపట్టణం దాకా, అక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగానికి, దాన్లోనే పోయి వస్తుంది. కంపెనీ బస్సు హోసూరు వైపు రాదు. సీజన్లో పొద్దున్నే కాయల లారీలు వచ్చేసరికి ఆమె అక్కడ ఉండి తీరాలి. ఇంకొక్కసారి ఆలస్యమైతే మళ్లీ రానక్కర్లేదని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

ఆమె అనుమానం మామ రామకృష్ణప్ప మీదికి పోయింది. ఆయన లారీ తోలి తోలి ముసలివాడైన మనిషి. ఆ కాలపు డ్రైవర్లకు థర్మోస్టాట్ అంటే చలిదేశాల సోకు. మన ఎండలకు ఎందుకని, బండి చేతికి రాగానే దాన్ని పీకి పారేసేవాళ్లు. పైగా ఆ డబ్బా కారును అమ్మేయమని ఇంట్లో రోజూ ఆయన పోరే.

“నాయనే తీసింటాడు,” అన్నాడు భర్త లోకనాథ్. “ఆయన్తో గొడవ పెట్టుకోవాకు. అయినా ఆ ఉద్యోగం కోసం నీకెందుకు ప్రతిభా ఇంత అవస్థ? నీ ఇష్టమే అనుకో.”

పాపం, కారు ఆగిన రెండుసార్లూ టూవీలర్ వేసుకుని పరిగెత్తుకొచ్చింది అతనే. పెళ్లాం కారులో, మొగుడు టూవీలర్ మీద అని స్నేహితులు ఆటపట్టిస్తే వాళ్లతో కలిసి నవ్వేవాడు. అంత మంచి మొగుడు ఇంట్లో ఉంటే ఆడదాని అనుమానం మామ మీదికి కాక ఇంకెవరి మీదికి పోతుంది?

శనివారం హోసూరు స్పేర్ పార్టుల అంగడికి పోయింది. “డెబ్బై ఒకటి డిగ్రీలది తీసుకోండమ్మా. జల్దీ తెరుచుకుంటాది, ఇంజన్ చల్లగా ఉంటాది,” అన్నాడు అంగడతను. అమ్ముడుపోని సరుకు అంటగడుతున్నాడని ఆమెకు అతని మీదా అనుమానమే. చల్లగా ఉంటే చాలా? గుజ్జుకైనా ఇంజనుకైనా దాని వేడి దానికి అందాలి. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. కారు పుస్తకంలో ఉన్నట్టు ఎనభై రెండుదే అడిగి తెచ్చుకుంది.

ఇంట్లో గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టి, మూతను దారంతో అందులో వేలాడదీసి, ల్యాబు థర్మామీటరు పట్టుకుని కూర్చుంది. ఎనభై దాటి కాస్త పోగానే మూత మెల్లగా నోరు తెరిచింది. పక్కనే నిలబడి చూస్తున్న లోకనాథ్ “భలే!” అన్నాడు.

ఆదివారం పొద్దున జయప్రకాశ్ దాన్ని బిగించి పోయాక, ఎవరికీ చెప్పకుండా బోల్టుల తలల మీద గోళ్ల రంగు పూసింది. ఎవరైనా విప్పితే ఆ రంగు పగులుతుంది.

సోమవారం తెల్లవారుతూనే బోనెట్ ఎత్తి చూసింది. రంగు పగిలి ఉంది. అరుగు మీద రామకృష్ణప్ప కాఫీ తాగుతున్నాడు. ఆయన గోళ్ల సందుల్లో నల్లటి గ్రీసు. విప్పి చూసే వ్యవధి లేదు, బస్సెక్కినా ఆలస్యమే.

“పోమ్మా, ఏం కాదు. ఈ పొద్దు కాగదు,” అన్నాడాయన.

చేసింది చేసి ఎగతాళి కూడానా అనుకుంది. జవాబు చెప్పకుండా కారు తీసింది. దారి పొడుగునా ఆమె చూపు వేడి చూపించే ముల్లు మీదే ఉంది. శూలగిరి ఎత్తులో ముల్లు నడిమికి వచ్చి ఆగింది, ఆపైన కదల్లేదు. కృష్ణగిరి దాటినా కదల్లేదు. ఫ్యాక్టరీ గేటు ముందర కారు ఆపేసరికి మొదటి లారీ ఇంకా తూకానికే పోలేదు.

అప్పుడే లోకనాథ్ ఫోన్ చేశాడు. “యాడ నిల్చిపోయింది ప్రతిభా? శూలగిరి కాడేనా? నువ్వు కదలొద్దు, నేను వస్తా ఉండాను.”

“నిల్చిపోలేదు. ఫ్యాక్టరీకి వచ్చేసినాను.”

“నిల్చిపోలేదా?” అన్నాడు అతను. ఆ గొంతులో సంతోషం లేదు.

కారు ఆగిందని అతనికి ఎవరు చెప్పారు? ఫోన్ పెట్టేసి మామకు కలిపి, కారును ఎవరు ముట్టుకున్నారని అడిగింది.

“నిన్న మాపటేళ నువ్వు కూరగాయలకు పోయినప్పుడు లోకనాథ్ బోనెట్ కింద దూరినాడమ్మా,” అన్నాడు రామకృష్ణప్ప. “వాడు స్నానానికి పోతానే నేను పోయి విప్పి చూస్తే గుంట ఖాళీ. నువ్వు తెచ్చిన మూత వాడి బండి డిక్కీలో దొరికింది. మళ్లీ ఏసి బిగించినాను.”

“మీరే కదా మామా, కారు అమ్మేయమనింది?”

“ఇప్పుడూ అంటాను. అది నా నోరు. నడిదోవలో నిన్ను నిలబెట్టే బుద్ధి నాది కాదు.”

ప్రతిభకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. ఇన్నాళ్లూ ఈ మనిషి పెట్టిన ప్రతి కాఫీ గ్లాసునూ అనుమానంగానే అందుకుంది.

“అమ్మా,” అన్నాడాయన, గొంతు తగ్గించి. “సాయంత్రం వచ్చేటప్పుడు బోనెట్‌కు తాళం ఒకటి పెట్టించుకో. తాళంచెవి నీ కాడే పెట్టుకో. నాకు కూడా ఇయ్యొద్దు. వాడు నా కొడుకు, అడిగితే ఇచ్చేస్తానేమో.”